అంగడి ఇన్సూరెన్స్ బిల్లు ఎందుకు పెరుగుతోంది? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వ్యాపారులు తెలుసుకోవాల్సిన లెక్క ఇదీ

ప్రొద్దుటూరులో బంగారం అంగడి కావచ్చు, జమ్మలమడుగులో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ కావచ్చు, పులివెందులలో అరటి గోడౌన్ కావచ్చు. ఇన్సూరెన్స్ రెన్యూవల్ నోటీసు చేతికొచ్చినప్పుడు వచ్చే ప్రశ్న ఒకటే. పోయినేడాది ఇంత లేదు కదా, ఇప్పుడెందుకు పెరిగింది?

కంపెనీ రేటు పెంచేసిందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. ప్రీమియం పెరగడానికి మూడు దారులున్నాయి. రేటు, సరుకు విలువ, పన్ను. ఏ దారిలో పెరిగిందో తెలియకుండా తగ్గించుకోవాలని చూస్తే అసలుకే మోసం వస్తుంది. ముఖ్యంగా సరుకు విలువ తక్కువ చూపించి ప్రీమియం తగ్గించుకునేవాళ్లకు ఆ దెబ్బ ప్రమాదం జరిగిన రోజే తెలుస్తుంది.

ఒక్క చూపులో..

- ఆస్తుల విలువ రూ.5 కోట్ల లోపు ఉన్న అంగళ్లు, చిన్న యూనిట్లకు 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' పాలసీ ఉంది.
- ఇళ్లకు 'భారత్ గృహ రక్ష' ఉంది. ఇందులో స్థలం ధర కాదు, కట్టుబడి ఖర్చే లెక్క.
- అంగడి, గోడౌన్ పాలసీలపై జీఎస్టీ 18 శాతం. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన జీరో జీఎస్టీ వీటికి వర్తించదు.
- ఫైర్ పాలసీ ఉంటే దొంగతనం కూడా కవర్ అవుతుందనుకోవడం పొరపాటు.
- క్లెయిమ్ గొడవ వస్తే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి ఫీజు లేకుండా వెళ్లొచ్చు.

ప్రీమియం లెక్క ఎలా వేస్తారు?

ఫైర్ ఇన్సూరెన్స్ రేటును వెయ్యి రూపాయల విలువకు ఇంత అని చెబుతారు. ఉదాహరణకు వెయ్యికి రూపాయిన్నర రేటు అనుకుందాం. రూ.20 లక్షల సరుకుకు ప్రీమియం రూ.3,000. దానిపై 18 శాతం జీఎస్టీ రూ.540. మొత్తం రూ.3,540. ఇది లెక్క అర్థం కావడానికి చెప్పిన అంకె మాత్రమే. అసలు రేటు వ్యాపారాన్ని బట్టి మారుతుంది.

కిరాణా అంగడికి ఒక రేటు, పత్తి గోడౌన్‌కు ఇంకో రేటు, రసాయనాలు నిల్వ చేసే చోటికి మరో రేటు. ఆర్‌సీసీ మిద్దెకూ, బోద కొట్టానికీ తేడా ఉంటుంది. పక్క గదిలో ఏ వ్యాపారం ఉందో కూడా చూస్తారు. మీది చీరల అంగడే అయినా వెనక గదిలో రంగుల డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు ఉంటే రిస్క్ మారిపోయినట్లే.

రేటు ఎందుకు పైకీ కిందికీ ఊగుతోంది?

ఒకప్పుడు ఫైర్ ఇన్సూరెన్స్ రేట్లు దేశమంతా ఒకటే. టారిఫ్ అడ్వైజరీ కమిటీ పట్టికలో ఉన్నదే రేటు. 2007 జనవరి 1 నుంచి ఆ కట్టుబాటు తీసేశారు. అప్పటి నుంచి కంపెనీలు పోటీ పడి డిస్కౌంట్లు ఇచ్చాయి. పెద్ద ఫ్యాక్టరీలకు భారీగా, వాటి వెనకే మధ్య తరహా యూనిట్లకు కూడా రేట్లు పడిపోయాయి.

ఇలా ఎక్కువ కాలం నడవలేదు. వచ్చే ప్రీమియం కంటే కట్టే క్లెయిమ్‌లు ఎక్కువైతే కంపెనీ ఎక్కడి నుంచి తెస్తుంది? ఇక్కడే రీఇన్సూరెన్స్ వస్తుంది. మనం ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర పాలసీ తీసుకున్నట్లే, ఆ కంపెనీ కూడా తన రిస్క్‌లో కొంత పెద్ద కంపెనీకి అప్పజెబుతుంది. మన దేశంలో ఆ పని చేసే ప్రభుత్వ సంస్థ జీఐసీ రీ. ప్రతి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ తన వ్యాపారంలో 4 శాతం దానికి ఇచ్చి తీరాలి.

ఏ రకం వ్యాపారంలో సగటున ఎంత నష్టం వస్తోందో ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో లెక్క కడుతుంది. ఆ లెక్క కంటే తక్కువ రేటుకు పాలసీ ఇస్తే రీఇన్సూరెన్స్ ఇవ్వబోమని జీఐసీ రీ 2019లో కొన్ని రకాల వ్యాపారాలకు షరతు పెట్టింది. 2020 జనవరి నుంచి దాన్ని దాదాపు 300 రకాలకు విస్తరించింది. అంతకుముందు డిస్కౌంట్‌లో పాలసీ తీసుకున్నవాళ్లకు ఒక్కసారిగా బిల్లు పెరిగింది ఇందుకే. 2024లో పట్టు సడలి డిస్కౌంట్లు మళ్లీ వచ్చాయి. 2025 మొదలయ్యాక మళ్లీ బిగించారు. అందుకే పక్కపక్క అంగళ్లలో ఒకరికి పెరిగి, ఇంకొకరికి తగ్గినట్లు కనిపిస్తుంది. ఎవరి పాలసీ ఏ నెలలో, ఏ కంపెనీలో రెన్యూ అయిందనే దాన్ని బట్టి ఉంటుంది.

దీనికి బయటి కారణం కూడా ఉంది. స్విస్ రీ లెక్క ప్రకారం 2024లో ప్రపంచవ్యాప్తంగా ప్రకృతి విపత్తులకు ఇన్సూరెన్స్ కంపెనీలు భరించిన నష్టం 137 బిలియన్ డాలర్లు. వరుసగా ఐదో ఏడాది అది 100 బిలియన్లు దాటింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో స్టేట్ ఫార్మ్ అనే పెద్ద కంపెనీ 2023 మేలో ఇళ్లకు కొత్త పాలసీలు ఇవ్వడమే ఆపేసింది. అక్కడ ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. రీఇన్సూరెన్స్ అంతర్జాతీయ వ్యాపారం కాబట్టి అక్కడి తుపాను ఖర్చులో కొంత తిరిగి తిరిగి మన బిల్లులోకీ వస్తుంది.

బంగారం అంగళ్లు: రేటు పెరగకపోయినా బిల్లు పెరిగింది

ప్రొద్దుటూరుకు బంగారం వ్యాపారమే పేరు తెచ్చింది. ఇక్కడ ప్రీమియం పెరగడానికి ఇన్సూరెన్స్ రేటు కంటే బంగారం ధరే పెద్ద కారణం.

2020 మొదట్లో 10 గ్రాముల మేలిమి బంగారం రూ.40 వేల చుట్టుపక్కల ఉండేది. 2025 ఏప్రిల్‌లో తొలిసారి రూ.లక్ష దాటింది. రెండు కిలోల స్టాక్ ఉన్న అంగడి లెక్క చూద్దాం.

- రూ.40 వేల ధరకు స్టాక్ విలువ: రూ.80 లక్షలు
- రూ.లక్ష ధరకు అదే స్టాక్ విలువ: రూ.2 కోట్లు

అంగట్లో ఒక్క గ్రాము కూడా పెరగలేదు. ఇన్సూరెన్స్ రేటు కూడా మారలేదనుకుందాం. అయినా ప్రీమియం రెండున్నర రెట్లు అవుతుంది.

బంగారం వ్యాపారులు తీసుకునేది మామూలు ఫైర్ పాలసీ కాదు. జువెలర్స్ బ్లాక్ పాలసీ అని వేరే ఉంటుంది. అంగట్లో, లాకర్‌లో ఉన్న స్టాక్, యజమాని లేదా ఉద్యోగి వెంట తీసుకెళ్లే స్టాక్, దారిలో రవాణా అయ్యే స్టాక్, అంగట్లోని ఫర్నిచర్.. ఇలా విభాగాలుగా కవర్ ఇస్తారు. రాత్రి స్టాక్ లాకర్‌లో పెట్టాలనే షరతు చాలా ముఖ్యం. షోకేస్‌లోనే వదిలేసి షట్టర్ దించితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. స్టాక్ విలువను కొన్న ధరకు లెక్కిస్తారా, నష్టం జరిగిన రోజు మార్కెట్ ధరకా అన్నది కూడా పాలసీలో రాసి ఉంటుంది. సంతకం చేసేముందు ఆ ఒక్క లైన్ చదవాలి. కొన్న ధరే లెక్క అన్నా నిశ్చింత లేదు. అమ్ముడైన చోట కొత్త రేటుకు కొని పెడుతుంటే కొన్న ధర కూడా పెరుగుతూనే ఉంటుంది.

విలువ తక్కువ చూపిస్తే ఏమవుతుంది?

ప్రీమియం భారమై చాలామంది చేసే పని బీమా మొత్తాన్ని పాత అంకె దగ్గరే ఉంచేయడం. సరుకు పూర్తిగా పోతేనే కదా నష్టం, కొంచెం పోతే ఆ డబ్బు చాలులే అనుకుంటారు. లెక్క అలా ఉండదు.

ఇన్సూరెన్స్‌లో సగటు షరతు అని ఒకటి ఉంది. సరుకు విలువలో ఎంత శాతానికి పాలసీ తీసుకున్నారో, నష్టంలోనూ అంతే శాతం ఇస్తారు.

ఉదాహరణకు అంగట్లో సరుకు రూ.20 లక్షలు. పాలసీ రూ.10 లక్షలకే ఉంది. మంటల్లో రూ.4 లక్షల సరుకు కాలిపోయింది. పాలసీ రూ.10 లక్షలు ఉంది కాబట్టి రూ.4 లక్షలూ వస్తాయని వ్యాపారి అనుకుంటాడు. వచ్చేది రూ.2 లక్షలే. ఎందుకంటే ఇన్సూర్ చేసింది సగమే.

పైన చెప్పిన బంగారం అంగడికి ఇదే లెక్క వేస్తే ఇంకా ఘోరం. రూ.2 కోట్ల స్టాక్‌కు పాత రూ.80 లక్షల పాలసీయే ఉంటే అది 40 శాతం. రూ.50 లక్షల నష్టం జరిగితే చేతికొచ్చేది రూ.20 లక్షలు. మిగతా రూ.30 లక్షలు సొంతంగా భరించాల్సిందే. ప్రీమియంలో మిగిలింది వేలల్లో, పోయేది లక్షల్లో.

సూక్ష్మ ఉద్యమ్ సురక్షలో కొంత వెసులుబాటు ఉంది. 15 శాతం వరకు తక్కువ చూపించినా కోత పెట్టరు. అంటే రూ.20 లక్షల సరుకుకు కనీసం రూ.17 లక్షల పాలసీ ఉంటే సగటు షరతు వర్తించదు. అంతకన్నా తగ్గితే వర్తిస్తుంది.

దసరాకు ప్రొద్దుటూరు ఎంత కిటకిటలాడుతుందో అందరికీ తెలిసిందే. పండగకు, పెళ్లిళ్ల సీజన్‌కు ముందు బట్టల అంగళ్లలో సరుకు మామూలు రోజుల కంటే ఎక్కువ ఉంటుంది. ఏప్రిల్‌లో ఉన్న స్టాక్ చూసి పాలసీ తీసుకుంటే అక్టోబర్‌లో సరిపోదు. సరుకు దించిన రోజే కంపెనీకి చెప్పి బీమా మొత్తం పెంచుకోవచ్చు. మిగిలిన నెలలకే అదనపు ప్రీమియం పడుతుంది.

జీఎస్టీ ఎవరి మీద పడుతుంది?

ఇన్సూరెన్స్‌పై 2017 జూన్ వరకు సర్వీస్ ట్యాక్స్, సెస్‌లు కలిపి 15 శాతం. జూలై 1 నుంచి జీఎస్టీ 18 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీలపై జీఎస్టీ పూర్తిగా తీసేశారు. అంగడి, గోడౌన్, ఇల్లు, దొంగతనం పాలసీలకు ఆ మినహాయింపు రాలేదు.

రెగ్యులర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి ఈ 18 శాతాన్ని ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ కింద సర్దుబాటు చేసుకోవచ్చు. పాలసీలో వ్యాపారం పేరు, జీఎస్టీ నంబర్ సరిగ్గా ఉండాలి. యజమాని సొంత పేరు మీద, నంబర్ లేకుండా పాలసీ తీసుకుంటే ఆ క్రెడిట్ పోయినట్లే. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు, అసలు రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు ఈ దారి లేదు. అంటే పెద్ద వ్యాపారికి తిరిగొచ్చే పన్ను చిన్న అంగడివాళ్లకు ఖర్చుగానే మిగులుతోంది.

సరుకు బండి ఉన్నవాళ్లకు మాత్రం కాస్త ఊరట. సరుకు వాహనాల థర్డ్ పార్టీ ప్రీమియంపై జీఎస్టీ అదే సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతం. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 7,500 కిలోల లోపు సరుకు వాహనానికి థర్డ్ పార్టీ ప్రీమియం రూ.16,049. పన్ను తగ్గడం వల్ల దీనిమీద రూ.1,100 పైగా మిగులుతుంది.

ఏ పాలసీ ఎవరికి?

2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీల్లోనూ షరతులు ఒకేలా ఉండే మూడు పాలసీలు వచ్చాయి.

- భారత్ గృహ రక్ష: ఇళ్లకు, ఇంట్లోని సామాన్లకు
- భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష: ఒకేచోట ఆస్తుల విలువ రూ.5 కోట్ల వరకు ఉన్న వ్యాపారాలకు
- భారత్ లఘు ఉద్యమ్ సురక్ష: రూ.5 కోట్ల నుంచి రూ.50 కోట్ల వరకు

అగ్ని ప్రమాదం, పిడుగు, పేలుడు, భూకంపం, తుపాను, వరద, అల్లర్ల లాంటివి వీటిలో ఉంటాయి. షరతులు ఒకటే, రేటు మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. కాబట్టి రెండు మూడు కంపెనీల దగ్గర కొటేషన్ తీసుకుంటే పోల్చడం తేలిక.

వీటిలో లేనివి కూడా తెలుసుకోవాలి. మామూలు దొంగతనానికి బర్గ్లరీ పాలసీ వేరే తీసుకోవాలి. అగ్ని ప్రమాదమో, వరదో వచ్చిన తర్వాత ఏడు రోజుల్లోపు జరిగే దొంగతనానికే ఫైర్ పాలసీలో కవర్ ఉంటుంది. షార్ట్ సర్క్యూట్ అయి ఫ్రిజ్ కాలి, దాన్నుంచి అంగడికి మంటలు అంటుకుంటే అంగడి నష్టం ఇస్తారు. షార్ట్ సర్క్యూట్ అయిన ఆ ఫ్రిజ్‌కు మాత్రం ఇవ్వరు.

ఊరూ ఊరికీ చూసుకోవాల్సింది వేరు

ప్రొద్దుటూరు బజార్లలో అంగళ్లు చాలావరకు బాడుగవే. మిద్దె ఓనర్‌ది, సరుకు బాడుగకున్న వ్యాపారిది. వ్యాపారి తీసుకున్న సరుకు పాలసీ మిద్దెకు పనికిరాదు. ఓనర్ తీసుకున్న బిల్డింగ్ పాలసీ సరుకుకు పనికిరాదు. ఇద్దరూ ఎదుటివాళ్లు తీసుకున్నారులే అనుకుంటే ఇద్దరికీ నష్టమే. అగ్రిమెంట్ రాసుకునేటప్పుడే ఎవరు దేనికి తీసుకోవాలో ఒక లైన్ రాసుకుంటే సరిపోతుంది. షట్టర్, ర్యాకులు, ఏసీలు వ్యాపారి సొంతంగా పెట్టించుకుంటే వాటి విలువ కూడా ఆయన పాలసీలోనే చేర్చాలి.

జమ్మలమడుగు, మైలవరం వైపు చేనేత కుటుంబాలకు ఇల్లే పని చోటు. గృహ రక్ష తీసుకుంటే మగ్గం, నూలు, నేసిన చీరలు కూడా అందులోకే వస్తాయనుకుంటారు. రావు. అది ఇంటి సామాన్లకే. వ్యాపార సరుకు, పనిముట్లకు సూక్ష్మ ఉద్యమ్ పాలసీ వేరే కావాలి. ఇంట్లో మగ్గం ఉన్న విషయం ప్రపోజల్ ఫారంలోనే రాయాలి. నాపరాళ్ల పాలిష్ యూనిట్లలో రాయి కాలదు కాబట్టి ఇన్సూరెన్స్ ఎందుకనుకోవచ్చు. అక్కడ విలువంతా మెషిన్లు, మోటార్లలోనే ఉంది. మెషిన్ దానంతట అది చెడిపోతే ఫైర్ పాలసీ ఇవ్వదు. మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ వేరు.

పులివెందుల వైపు అరటి, చీనీ వ్యాపారం ఎక్కువ. తోటలో ఉన్న పంట ఈ పాలసీల్లోకి రాదు. దానికి పంటల బీమా పథకాలే దారి. గోడౌన్, మాగబెట్టే గదులు, అందులో ఉన్న సరుకు, మెషిన్లకే ఈ పాలసీలు. కరెంటు పోయి చల్లదనం తగ్గి కాయ చెడిపోతే మామూలు ఫైర్ పాలసీలో రాదు. ఆ కవర్ కావాలని విడిగా అడగాలి.

వరదను మాత్రం ముగ్గురూ పట్టించుకోవాలి. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డు ఊళ్లు కొట్టుకుపోయాయి. అదే వానలకు కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. కరువు సీమలో వరదేమిటి అనే మాటకు అది జవాబు. పాత తరహా ఫైర్ పాలసీల్లో వరద కవర్ వద్దంటే ప్రీమియం తగ్గించేవాళ్లు. పెద్ద యూనిట్లకు ఇప్పటికీ ఆ తరహా పాలసీ ఉంటే అది తీసేశారో ఉంచారో ఒకసారి చూసుకోవాలి.

ఇల్లున్నవాళ్లు చేసే పొరపాటు

ఇంటి విలువ రూ.60 లక్షలు కాబట్టి రూ.60 లక్షలకు పాలసీ కావాలంటారు చాలామంది. అందులో స్థలం ధర కూడా ఉంది. స్థలం కాలిపోదు, కొట్టుకుపోదు. గృహ రక్షలో కార్పెట్ ఏరియాను చదరపు అడుగు కట్టుబడి ఖర్చుతో గుణిస్తారు. వెయ్యి చదరపు అడుగులకు అడుగు రూ.2,000 చొప్పున అయితే రూ.20 లక్షలే. మిగతా మొత్తానికి కట్టే ప్రీమియం వృథా.

బిల్డింగ్ పాలసీ తీసుకుంటే ఇంటి సామాన్లకు బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు కవర్ దానంతట అదే వస్తుంది. నగలకు విడిగా చెప్పి తీసుకోవాలి. గృహ రక్షలో సగటు షరతు కోత లేదు. పదేళ్ల వరకు ఒకేసారి పాలసీ తీసుకోవచ్చు. మధ్యలో రేట్లు పెరిగినా ఆ బాధ ఉండదు.

నిజంగా ఎక్కడ తగ్గించుకోవచ్చు?

- బ్యాంకు లోన్ ఉంటే బ్యాంకు చూపించిన కంపెనీలోనే పాలసీ తీసుకోవాలని లేదు. బ్యాంకు పేరు పాలసీలో ఉంటే చాలు.
- బ్యాంకు ఒక పాలసీ తీసుకుని, మీరు ఇంకోటి కడుతున్నారేమో చూడండి. రెండున్నా నష్టానికి మించి డబ్బు రాదు.
- బర్గ్లరీ పాలసీలో ఫస్ట్ లాస్ పద్ధతి అడగండి. ఒక్క రాత్రిలో బట్టల అంగడి మొత్తం ఎత్తుకుపోలేరు. పోయే అవకాశం ఉన్నంత శాతానికే ప్రీమియం కట్టొచ్చు. మొత్తం స్టాక్ విలువ మాత్రం సరిగ్గా చెప్పాలి.
- వైరింగ్ మార్పించినా, మంటలార్పే సిలిండర్లు పెట్టినా, ఆర్‌సీసీ మిద్దెకు మారినా రెన్యూవల్‌లో చెప్పి డిస్కౌంట్ అడగండి.
- చిన్న నష్టాలు సొంతంగా భరించగలిగితే ఎక్సెస్ పెంచుకోండి. బీమా మొత్తం తగ్గించుకోవడం కంటే ఇది మేలు.
- రెన్యూవల్ తేదీ దాటనీయకండి. ప్రీమియం కంపెనీకి చేరకముందు కవర్ మొదలు కాదు. చెక్కు బౌన్స్ అయితే పాలసీ లేనట్లే.

నష్టం జరిగితే మొదట ఏం చేయాలి?

వెంటనే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోవాలి. ఫైర్ స్టేషన్ రిపోర్టు, దొంగతనమైతే ఎఫ్ఐఆర్ కావాలి. సర్వేయర్ వచ్చేలోపు ఫొటోలు, వీడియోలు తీసి పెట్టుకోవాలి. కాలిన సరుకును పారేయకూడదు. మిగిలిన సరుకును కాపాడుకోవడం కూడా పాలసీదారుడి బాధ్యతే.

2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి. సర్వేయర్ 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. ఆ తర్వాత ఏడు రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి.

క్లెయిమ్‌లు ఎక్కువగా ఆగేది స్టాక్ లెక్కల దగ్గరే. కొనుగోలు బిల్లులు, స్టాక్ రిజిస్టర్, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకుకు ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్.. ఇవన్నీ ఒకదానికొకటి సరిపోవాలి. పన్ను కోసం తక్కువ, లోన్ కోసం ఎక్కువ చూపించిన అంకెలు సర్వేయర్ టేబుల్ మీద ఒకేచోట కలుస్తాయి. పుస్తకాలు అంగట్లోనే ఉండి కాలిపోతే రుజువే ఉండదు. కాపీలు ఫోన్‌లోనో, ఇంట్లోనో ఉంచుకోవాలి.

కంపెనీ ఇవ్వకపోతే?

ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255 నంబర్‌కు ఫోన్ చేసి కూడా నమోదు చేయొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌కు ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. రూ.50 లక్షల వరకు ఇప్పించే అధికారం ఉంది. ఫీజు లేదు, లాయర్ అవసరం లేదు. తీర్పుకు కంపెనీ కట్టుబడాల్సిందే.

అయితే అన్ని వ్యాపార పాలసీలనూ అక్కడ తీసుకోరు. సొంత ప్రొప్రైటర్ పేరు మీద, లేదా మైక్రో సంస్థ పేరు మీద ఉన్నవాటికే ఆ అవకాశం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉంటే మైక్రో సంస్థ అని చూపించడం తేలిక. 2025 ఏప్రిల్ 1 నుంచి పెట్టుబడి రూ.2.5 కోట్లు, టర్నోవర్ రూ.10 కోట్లు దాటనివి మైక్రో కిందికి వస్తాయి. మూడు ఊళ్లలో చిన్న అంగళ్లు చాలావరకు ఇందులోకే వస్తాయి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి కూడా ఉంది. దానికి గడువు రెండేళ్లు.

రెన్యూవల్ నోటీసు వస్తే కింద రాసిన మొత్తం ఒక్కటే చూడకండి. పోయినేడాది పాలసీని పక్కన పెట్టి రేటు, బీమా మొత్తం, పన్ను మూడూ విడివిడిగా పోల్చండి. రేటు పెరిగితే వేరే కంపెనీని అడగండి. పన్ను అయితే క్రెడిట్ వస్తుందేమో ఆడిటర్‌ను అడగండి. సరుకు విలువ పెరగడం వల్ల బిల్లు పెరిగితే మాత్రం ఆ అంకెను తగ్గించకండి. నష్టం జరిగిన రోజు చేతికొచ్చే డబ్బును లెక్కగట్టేది ఆ అంకెతోనే.